హైదరాబాదు నుంచి హంపికి: రాళ్ళ మధ్య శిథిలాలయాలను చూసే పద్ధతి

హంపికి వెళ్ళివచ్చిన మన నగరవాసులను ఏం చూశారని అడిగితే చాలామంది రాతి రథం, విరూపాక్ష గోపురం, లోటస్ మహల్ అని మూడు పేర్లు చెప్పి ఆగిపోతారు. శుక్రవారం రాత్రి బయలుదేరి, శనివారం ఆటోలో చుట్టివచ్చి, ఆదివారానికి ఇల్లు చేరేవారికి అంతకుమించి గుర్తుండే వీలు లేదు. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ఈ ప్రాంతం 41 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది; అందులో 1,600కు పైగా కట్టడాల అవశేషాలు ఉన్నాయి. అన్నీ చూడడం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల ఏవి చూడాలన్న దానికంటే ఏ వరుసలో చూడాలన్నది ముందు తేల్చుకోవాలి. మొదట అక్కడి రాయిని, నీటిని చూసి, ఆ తరువాత గుడులను చూస్తే, శిథిలాలుగా కనిపించేవన్నీ ఒక మహానగరపు వీధులుగా, బజార్లుగా, కోనేర్లుగా అర్థం కావడం మొదలవుతుందని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసంలో చెప్పే క్రమమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇందుకు కనీసం రెండు రాత్రుల బస అవసరం.

ఎప్పుడు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి

హంపి చుట్టుపక్కల వర్షపాతం తక్కువ. అయినా గుట్టల నడుమ అరటితోటలు, వరిమళ్ళు, చెరకు పచ్చగా కనిపించడానికి కారణం కాలువలు. తుంగభద్ర నుంచి విజయనగర కాలంలో తవ్విన తుర్తు కాలువ, బసవన్న కాలువ వంటివి నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. గుడులు పాడుబడ్డా పైరుకు నీరు అందించే ఏర్పాటు మాత్రం ఐదారు వందల ఏళ్ళుగా పనిచేస్తూనే ఉందన్న సంగతిని అక్కడ నడిచే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. ఆ పచ్చదనానికి వాన తోడైతే గుట్టల మీద గడ్డి మొలిచి, బండల సందుల్లో మొక్కలు చిగురించి, ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా ఆ ప్రాంతం చూడముచ్చటగా ఉంటుంది. నడక ఎక్కువగా చేయదలచినవారికి డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళవద్దని స్పష్టంగా చెబుతాను. పగలంతా కాగిన బండలు పొద్దుగుంకాక కూడా సెగలు కక్కుతూనే ఉంటాయి. వానాకాలంలో మరొక చిక్కు ఉంది. ఎగువన తుంగభద్ర జలాశయం నిండి గేట్లు ఎత్తితే నది ఒడ్డున ఉన్న పురందరదాస మండపం దాకా నీరు వస్తుంది, పుట్టి ప్రయాణాలు ఆగిపోతాయి. బయలుదేరే ముందు బస చేయబోయే చోటికి ఫోను చేసి నది పరిస్థితి కనుక్కోవడం మంచిది.

రోడ్డు మార్గంలో వెళ్ళేవారికి జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్ దాటి కృష్ణా నది మీదుగా రాయచూరు చేరి, అక్కడి నుంచి మాన్వి, సింధనూరు, గంగావతి మీదుగా సాగే దారి దగ్గర. సుమారు 370 కిలోమీటర్లు. మధ్యలో ఆగే సమయంతో కలిపి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. సింధనూరు, గంగావతి ప్రాంతంలో రెండు పక్కలా కనిపించే వరిపొలాలకు తుంగభద్ర ఎడమ కాలువ నీరు అందుతుంది. ఆనకట్ట కట్టాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు రైతుల ఊళ్ళు ఆ దారిలో ఎన్నో ఉన్నాయి. వాటి పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట ఉంటుంది. అక్కడ టిఫిను అయినా, టైరు పంక్చరు అయినా తెలుగులో అడిగితే చాలు. రైలులో వెళ్ళేవారు హోసపేటలో దిగాలి. అక్కడి నుంచి హంపి సుమారు 13 కిలోమీటర్లు, బస్సులు, ఆటోలు ఉంటాయి.

బస విషయానికి వస్తే, హోసపేటలో హోటళ్ళు ఎక్కువే గానీ తెల్లవారుజామున హంపి చేరడానికి కొంత సమయం పోతుంది. శిథిలాలకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కమలాపురంలో ఉండడమే నా సలహా. హంపి గ్రామంలో కూడా ఇళ్ళలో గదులు ఇస్తారు. విరూపాక్షుడి సన్నిధి కాబట్టి అక్కడ మాంసం, మద్యం దొరకవు.

మొదటి సాయంత్రం హేమకూటం

చేరిన రోజు సాయంత్రం నాలుగు గంటలకు నేరుగా హేమకూటం గుట్ట ఎక్కాలి. విరూపాక్షాలయానికి ఆనుకుని ఉన్న ఈ గుట్ట ఎత్తు తక్కువ. పెద్దవారు కూడా నెమ్మదిగా ఎక్కగలరు. పైకి వెళ్ళాక గుడుల వైపు చూడకుండా ముందు కాళ్ళ కింద ఉన్న బండను, చుట్టూ ఉన్న గుండ్లను చూడండి.

ఇవి హైదరాబాదు వారికి కొత్తవి కావు. ఖాజాగూడలో, మౌలాలీలో, గోల్కొండ కోటలో మనం రోజూ చూసే గుండ్ల వంటివే. ఇక్కడిదీ అక్కడిదీ గ్రానైటే. రెండింటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న ఈ గుండ్లను చూసి భూకంపమో, అగ్నిపర్వతమో కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి భూమి లోతున గట్టిపడిన గ్రానైటుకు అడ్డంగా, నిలువుగా పగుళ్ళు పడతాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగి లక్షల ఏళ్ళపాటు అంచులను, మూలలను తినేస్తుంది. పలకలుగా ఉన్న రాయి గుండ్రబడుతుంది. చుట్టూ ఉన్న మెత్తని మట్టి వానలకు కొట్టుకుపోయాక మిగిలిన గుండ్లు ఉన్నచోటనే ఒకదానిపై ఒకటి నిలిచిపోతాయి. మన నగరంలో ఇలాంటి గుట్టలను ఎన్నింటినో పేల్చి చదును చేసి ఇళ్ళు కట్టుకున్నాం. అవే రాళ్ళతో, గుట్టలను గుట్టలుగానే ఉంచి, రాజధాని ఎలా కట్టవచ్చో హంపిలో కనిపిస్తుంది. హైదరాబాదు నుంచి వెళ్ళేవారు దీన్ని మరింత శ్రద్ధగా చూడాలని నా కోరిక.

ఇప్పుడు ఏదైనా ఒక పెద్ద గుండు దగ్గరికి వెళ్ళి దాని అంచును పరిశీలించండి. చాలా గుండ్ల మీద అగ్గిపెట్టె పట్టేంత గుంటలు జానెడు ఎడంతో ఒకే వరుసలో కనిపిస్తాయి. అవి రాయి తీసిన గుర్తులు. రాతిపనివారు ఉలితో అలా వరుసగా గుంటలు కొట్టి, వాటిలో ఎండిన చెక్క మేకులు బిగించి, నీళ్ళతో తడిపేవారు. చెక్క ఉబ్బినప్పుడు ఆ వరుస వెంబడి బండ చీలేది. కొన్నిచోట్ల సగం గుండు చీల్చి తీసుకుపోగా మిగిలిన సగం నున్నగా కోసినట్టు నిలబడి ఉంటుంది. దాని అంచున సగం సగం గుంటలు పళ్ళ వరుసలా కనిపిస్తాయి. మరికొన్నిచోట్ల గుంటలు కొట్టి ఎందుకో చీల్చకుండా వదిలేశారు. ఈ గుర్తును ఒకసారి పట్టుకున్నాక మిగతా రోజులన్నీ ప్రతి స్తంభంలో, ప్రతి దూలంలో అది మీకు కనిపిస్తుంది. దూరం నుంచి రాయి మోసుకురావడం తక్కువ. గుడి పక్కనే గని, గని పక్కనే గుడి.

ఆ తరువాత గుట్ట మీది గుడులు చూడండి. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే రాతి కప్పులు, ఒకే మండపానికి మూడు గర్భగుడులు ఉన్న ఈ చిన్న ఆలయాల్లో కొన్ని 1336లో విజయనగర రాజ్యం ఏర్పడక ముందువి. వాటిని చూసి జైన ఆలయాలనుకునేవారు ఉన్నారు గానీ అవి శివాలయాలు. ఒకదానిలో, విజయనగరానికి ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన కంపిలి రాజ్యపు పాలకుడి శాసనం ఉంది. పొద్దుగుంకే వేళ ఇక్కడ జనం చేరతారు. నదికి ఆవల గుట్టలు కూడా కనిపించే చోటు చూసుకుని కాస్త ముందుగానే కూర్చోవాలి.

రెండో రోజు: నది ఒడ్డు దారి

తెల్లవారాక మొదట విరూపాక్షాలయానికి వెళ్ళండి. హంపిలో శిథిలం కాని, నిత్యపూజలు ఆగని ప్రధాన ఆలయం ఇదే. తూర్పు గోపురం దాదాపు 50 మీటర్ల ఎత్తు. రంగమండపాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1510లో తన పట్టాభిషేక సందర్భంలో కట్టించాడు. అందులో తలెత్తి కప్పు వైపు చూడడం మరువవద్దు. విద్యారణ్యస్వామి పల్లకీ ఊరేగింపు, అర్జునుడి మత్స్యయంత్రం, గిరిజా కల్యాణం రంగుల్లో కనిపిస్తాయి. గర్భాలయం వెనుక వైపు ఒక చీకటి గదిలో గోడకున్న చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు వల్ల గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. పిల్లలకు కాంతి పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పూజలు జరిగే ఆలయం కాబట్టి దుస్తుల విషయంలో మన ఊరి గుడికి వెళ్ళినట్టే వెళ్ళాలి.

అక్కడి నుంచి విఠలాలయానికి రెండు దారులున్నాయి. వాహనంలో కమలాపురం వైపు నుంచి చుట్టి వెళితే ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో ఆపుతారు. అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు ఉంటాయి. పెద్దవారు వెంట ఉంటే అదే మంచిది. నడవగలిగినవారు మాత్రం తప్పనిసరిగా నది ఒడ్డు దారిలోనే వెళ్ళాలి. సుమారు రెండు కిలోమీటర్లు ఉండే ఈ దారి కోదండరామాలయం, యంత్రోద్ధారక హనుమంతుడి గుడి, వరాహాలయం మీదుగా సాగుతుంది. మధ్యలో కుడివైపు తిరిగితే రెండు పక్కలా రాతి స్తంభాల వరుసలతో పొడవైన ఒక వీధి, దాని చివర మతంగ పర్వతం అడుగున అచ్యుతరాయల ఆలయం కనిపిస్తాయి. ఆ వీధి ఒకనాటి బజారు. హంపిలో ప్రతి పెద్ద గుడికి ముందు ఇలాంటి బజారు, పక్కన కోనేరు ఉంటాయన్న విషయం ఇక్కడ పట్టుబడితే విరూపాక్ష బజారు, కృష్ణ బజారు, విఠల బజారు వాటంతట అవే అర్థమవుతాయి. గుంపులు ఎక్కువగా విఠలాలయానికే పోతాయి కాబట్టి అచ్యుతరాయల ఆలయం తరచుగా ఖాళీగా ఉంటుంది. శిథిలాలయాన్ని ప్రశాంతంగా, దగ్గరగా చూడదలచినవారికి నేను మొదట చెప్పే చోటు ఇదే.

ఇక్కడే గోపురాలను ఒకసారి పరీక్షగా చూడాలి. కింది భాగం గ్రానైటు. పై అంతస్తులు ఇటుక, సున్నం. మోయడానికి తేలికగా ఉండేందుకు, సున్నపు పనిలో బొమ్మలు సులువుగా తీర్చేందుకు అలా కట్టారు. అందువల్ల కాలానికి, వానకు, విధ్వంసానికి ముందు రాలిపోయింది పైభాగమే. మొండిగా మిగిలిన గోపురాలన్నింటికీ ఒకప్పుడు పైన రంగులు వేసిన శిఖరాలు ఉండేవని ఊహించుకుంటూ చూడాలి.

విఠలాలయంలోని రాతి రథం నిజానికి గరుడుడి గుడి. ఏకశిల అని చాలామంది చెబుతారు గానీ అది గ్రానైటు దిమ్మెలను అతుకులు కనబడకుండా కూర్చి కట్టినది. దగ్గరగా చూస్తే చెక్కడపు గీతల్లో అతుకులు దాచిన నేర్పు తెలుస్తుంది. ముందున్న ఏనుగులు తరువాత తెచ్చిపెట్టినవి. వాటి వెనుకకు వంగి చూస్తే అంతకుముందు అక్కడ చెక్కిన గుర్రాల కాళ్ళ ఆనవాళ్ళు మిగిలి ఉన్నాయి. రథం పైన ఇటుక శిఖరం కూడా ఉండేది. స్వరాలు పలికే స్తంభాలను తట్టవద్దు. వందల ఏళ్ళ దెబ్బలకు అవి దెబ్బతిన్నాయి కాబట్టే ఆ మండపంలోకి ప్రవేశాన్ని నియంత్రించారు. ఇక్కడ పురావస్తుశాఖ ఇచ్చే టికెట్టుతోనే అదే రోజు జనానా ప్రాంగణంలోని లోటస్ మహల్, గజశాలలు, కమలాపురం మ్యూజియం కూడా చూడవచ్చు. కాబట్టి ఈ మూడింటినీ వేర్వేరు రోజులకు పెట్టుకోవద్దు. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. అందులో హంపి నేలను గుట్టలతో, నదితో సహా చూపే పెద్ద నమూనా ఉంది. మధ్యాహ్నపు ఎండ వేళను దానికి కేటాయించడం ఉత్తమం.

మూడున్నర దాటాక రాచనగరి వైపు వెళ్ళాలి. ఇక్కడ నీడ చాలా తక్కువ. 1565 జనవరిలో విజయనగర సేన దక్కను సుల్తానుల చేతిలో ఓడిన రక్కసి తంగడి (తళ్ళికోట) యుద్ధం తరువాత నగరం కొల్లగొట్టబడినప్పుడు రాతి గుడులు కొంతైనా మిగిలాయి గానీ, రాతి అరుగుల మీద చెక్కతో కట్టిన రాజభవనాలు మంటల్లో పోయాయి. అందుకే ఇక్కడ మనకు కనిపించేవి ఎక్కువగా పునాదులు, అరుగులు. ఆ అరుగుల మీద చెక్క స్తంభాలు నిలిపిన గుంటలను వెతికి చూస్తే గదుల అమరిక కొంత తెలుస్తుంది.

హజార రామాలయానికి గంటసేపు కేటాయించండి. బయటి ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు వరుసలు వరుసలుగా సాగిపోతారు; రాజధానిలో మహర్నవమి వేడుకల ఊరేగింపు ఎలా ఉండేదో అది చూపిస్తుంది. లోపలి ఆలయం గోడల మీద మూడు వరుసల్లో దశరథుడి యాగం మొదలుకుని రామాయణం ఉంది. ప్రదక్షిణగా నడుస్తూ, ఇంటి పెద్దవారి చేత కథ చెప్పిస్తూ చూడడం నాకు తెలిసిన ఉత్తమ పద్ధతి. గైడు అవసరం లేని గుడి ఇది. మనవాళ్ళకు రామాయణం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

అక్కడికి దగ్గరలోనే మహర్నవమి వేడుకలకు వాడిన ఎత్తైన రాతి వేదిక మహర్నవమి దిబ్బ, దాని సమీపంలో 1980లలో తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు ఉన్నాయి. ఈ కోనేటి రాయి గ్రానైటు కాదు. నల్లగా, నున్నగా ఉండే మరో జాతి రాయి. వేరేచోట చెక్కి తెచ్చి ఇక్కడ అమర్చారు. మెట్ల రాళ్ళను శ్రద్ధగా చూస్తే ఒక్కొక్క దాని మీద చిన్న అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఆ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, ఎన్నోది కావాలో పనివారు వేసుకున్న గుర్తులవి. రాజుల శాసనాలు ఎక్కడైనా చదువుతాం. రాతిపనివారు తమలో తాము చెప్పుకున్న మాట ఇంత స్పష్టంగా మిగిలిన చోట్లు అరుదు. కోనేటి లోపలికి దిగనివ్వరు. పై గట్టు నుంచి చూడడానికి చిన్న బైనాక్యులర్, లేదా జూమ్ బాగున్న ఫోను వెంట ఉంటే ఉపయోగం.

హేమకూటానికి దక్షిణాన ఉన్న కడలెకాళు గణపతి, ససివెకాళు గణపతి, కృష్ణాలయం, లక్ష్మీనరసింహుడు, బడవిలింగం ఒకే దారి మీద ఉంటాయి. వీలైన పూట చూడవచ్చు. 1528లో చెక్కిన 6.7 మీటర్ల నరసింహుడి ఒడిలో ఉండవలసిన లక్ష్మీదేవి విగ్రహం ఇప్పుడు లేదు. అయితే స్వామిని ఆలింగనం చేసుకున్న అమ్మవారి చెయ్యి మాత్రం ఆయన వీపు వైపు అలాగే మిగిలి ఉంది. చాలామంది ఎదుట నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. పక్కకు జరిగి ఆ చేతిని చూసే ప్రయత్నం చేయండి. కృష్ణాలయం ఉదయగిరి విజయానికి గుర్తుగా రాయలు కట్టించినది. అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

జాగ్రత్తలు

బండల మీద నడకకు పట్టు ఉన్న బూట్లు కావాలి. వాన పడ్డ రోజున నాచు పట్టిన బండ మీద అడుగు వేయవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ తప్పనిసరి. కోతులు ఎక్కువ కాబట్టి తినుబండారాల సంచీ చేతిలో వేలాడుతూ కనబడకూడదు. తుంగభద్రలో మొసళ్ళు, బండల మధ్య సుడులు ఉన్నాయి. స్నానఘట్టం దాటి నీళ్ళలోకి దిగవద్దు. మతంగ పర్వతం మీది సూర్యోదయం చాలా ప్రసిద్ధం గానీ చీకట్లో ఒంటరిగా ఎక్కడం మంచిది కాదు. నలుగురితో, దారి తెలిసిన స్థానికుడితో వెళ్ళాలి. ఆ కొండల్లో చిరుతలు, ఎలుగుబంట్లు తిరుగుతాయి, కాబట్టి చీకటి పడ్డాక గుట్టల మీద ఉండకూడదు. ఎలుగులను క్షేమంగా చూడదలచినవారికి సమీపంలో దరోజి అభయారణ్యం ఉంది. మధ్యాహ్నం తరువాత వెళ్ళాలి.

స్తంభాలకు ఆనుకోవడం, శిల్పాల మీద కూర్చుని ఫోటోలు దిగడం, పేర్లు చెక్కడం అనేవి కేవలం మర్యాదకు సంబంధించిన విషయాలు కావు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే చట్టం ఉంది. 2019లో కొందరు యువకులు ఇక్కడ ఒక స్తంభాన్ని తోసి పడగొట్టిన వీడియో బయటికి వచ్చినప్పుడు, కోర్టు వారికి ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా విధించి, ఆ స్తంభాన్ని తిరిగి నిలబెట్టించింది. పిల్లలను వెంట తీసుకెళ్ళేవారు బయలుదేరక ముందే ఈ సంగతి వారికి చెప్పాలి.

మూడో రోజు: ఆనెగొంది మీదుగా తిరుగు ప్రయాణం

నదికి ఆవలి ఒడ్డున ఉన్న ఆనెగొందిని చివరి రోజుకు ఉంచుకోవాలి, ఎందుకంటే అది గంగావతి వైపు, అంటే మనం ఇంటికి వెళ్ళే దారిలోనే ఉంది. హంపి నుంచి కారులో వచ్చేవారు బుక్కసాగరం దగ్గరి వంతెన మీదుగా నది దాటవచ్చు. కిష్కింధ ఇదేనని సంప్రదాయం. హనుమంతుడి జన్మస్థలంగా ఇక్కడివారు కొలిచే అంజనాద్రికి 575 మెట్లు ఉన్నాయి. ఎండ ముదరక ముందే, ఏడు గంటల లోపు ఎక్కడం మొదలుపెడితే పైనుంచి వరిమళ్ళు, అరటితోటలు, గుట్టలు, నది, ఆవల విజయనగర శిథిలాలు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. రెండు రోజులుగా కాలినడకన చూసిన నగరపు రూపురేఖలను ఇక్కడ నిలబడి సరిపోల్చుకోవచ్చు. మొదటి రోజే ఎక్కితే ఏది ఏదో తెలియదు. కిందికి దిగాక ఓపిక ఉన్నవారు పంపా సరోవరం చూడవచ్చు. మాధ్వ గురువుల తొమ్మిది బృందావనాలు (సమాధులు) ఉన్న నవబృందావనం నది మధ్య దీవిలో ఉంది. నీటిమట్టం అనుకూలంగా ఉన్నప్పుడే పడవలు నడుపుతారు.

మధ్యాహ్న భోజనం గంగావతిలో ముగించుకుని ఒంటిగంటకల్లా కదిలితే వెలుగు ఉండగానే రాయచూరు దాటవచ్చు. సింధనూరు దారిలో కోతల కాలంలో వరి ట్రాక్టర్లు వెనుక దీపాలు లేకుండానే నడుస్తుంటాయి కాబట్టి ఆ భాగాన్ని చీకటి పడకముందే దాటేలా చూసుకోవాలి.